ఊరక యింట నున్నది

“మీ గృహిణి యేమి చేయుచున్నది?” అని గడచిన మాసమున నొక మిత్రుడు మమ్మడిగెను. “ఏమియు లేదు, ఊరక యింట నున్నది” అని మేము బదులు చెప్పితిమి. ఆ సమయమున నామె యేమి చేయుచుండెనో చదువరులు చిత్తగింతురు గాక! చంకలో రెండేండ్ల పిల్లవాడు, చేతిలో మా యిరువురకు తెచ్చిన టీ. వంటయింట కుక్కరు కూయుచుండెను. నాల్గవ తరగతి చదువు మా యమ్మాయి లోపలినుండి “అమ్మా, నా రిబ్బను కనబడుటలేదు” అని కేకలు వేయుచుండెను. టీ మా ముందుంచి, మా మాట చెవిని బడగా, ఆమె యేమియు ననక లోనికి బోయెను. మిత్రుడును మేమును స్త్రీవిద్యను గూర్చి చర్చించుచు ఆ టీ త్రాగితిమి.

ఆ మాట మా నోట క్రొత్తగా బుట్టినది కాదు. 2011 జనగణనలో మేము గణకులమై యిల్లిల్లు తిరిగితిమి. “ఈమె యేమి పని చేయును?” అని యడుగగా గడపలో నిలిచిన పురుషుడు చెప్పినది తఱచుగా నొకటే: “ఏం లేదు సారూ, ఇంట్లనే ఉంటది.” ఇంటిపని మాత్రమే చేయు స్త్రీ ఆ పట్టికలో పనిచేయనివారి వర్గమున జేరును. పింఛనుదారులును, విద్యార్థులును, బిచ్చమెత్తువారును చేరు వర్గమే యది. ఆ గుర్తును మేము నిస్సంకోచముగా వేసితిమి. వ్రాసినది మా చేయి గనుక, దానికి జవాబు చెప్పవలసినవారమును మేమే.

పసిపిల్లలున్న యింట గడచు వారము పనివారమే గాని తీరుబాటు వారము కాదు. ఆ పనిలో తండ్రి పాలు దయ కాదు, బాకీ. ఆ బాకీ తీర్పక స్త్రీజనాభ్యుదయమును గూర్చి వ్యాసములు వ్రాయు మావంటివారి సంస్కారము సగము బొంకు. ఈ మూడు మాటలు చెప్పుటకే యీ వ్యాసము.

భారత ప్రభుత్వ గణాంక కార్యాలయమువారు 2019లో కాలవినియోగ సర్వేక్షణము జరిపిరి. ఉదయము 4 గంటలు మొదలు మఱునాటి యుదయము 4 గంటలవఱకు ప్రతి యర్ధగంటయు నెవరెట్లు గడపిరో వ్రాసికొనుట వారి పద్ధతి. జీతము లేని యింటిపనిలో పాల్గొన్న స్త్రీ సగటున దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించినట్లు తేలెను. ఇది యింటిపనిలో చేయిపెట్టిన పురుషుల లెక్క. చేయిపెట్టినవారే నూటికి 26 మంది. స్త్రీలలో 81 మంది. మరల 2024లో చూడగా స్త్రీకి 289, పురుషునకు 88. ఐదేండ్లలో స్త్రీ పని పది నిమిషములు తగ్గినది. పురుషుడును వెనుకబడక తన పనిని తొమ్మిది నిమిషములు తగ్గించుకొనెను!

దేశపు లెక్క యటుండనిచ్చి మన యింటి లెక్క చూతమని, పాత హాజరుపట్టీ యొకటి తీసి, రెండు గడులు గీసి, ఒకదానిపై ఆమె పేరును రెండవదానిపై మా పేరును వ్రాసి, జనగామలోని మా యింట నొక వారము అర్ధగంటల లెక్క వ్రాసితిమి.

సోమవారము తెల్లవారుజామున నాలుగున్నరకు నల్లా వచ్చినది. నీళ్ళు పట్టిన దామె. పాలు పొయ్యిమీద నుండగా పిల్లవాడు మేల్కొని యెత్తుకొమ్మని యేడ్చెను. ఎత్తుకొన్నంతలో పాలు పొంగినవి. వానిని దించి పొయ్యికడకు పరుగెత్తగా వాడు కోపించి యందిన గిన్నె విసరెను. “ఆ యేడుపేమి?” అని మేము వార్తాపత్రిక వెనుకనుండి విచారించితిమి.

మంగళవారము రాత్రి పిల్లవానికి జ్వరము తగిలినది. పదకొండు మొదలు మూడింటివఱకు ఆమె తడిగుడ్డ వేయుచు గూర్చుండెను. “రేపు బడి యున్నది గదా” అని మేము నిద్రించితిమి. ఆమెకు రేపు లేదా యని యిప్పు డా పట్టీ మమ్మడుగుచున్నది.

బుధవారము వైద్యునికడ రెండున్నర గంటలు వరుసలో నుండుట ఆమె వంతు. మేము బడినుండి ఫోనుచేసి “ఏమన్నాడు?” అని యడిగితిమి. దీనిని మా గడిలో వ్రాయుదమా యని కొంత యాలోచించి, సిగ్గుపడి విడిచితిమి.

గురువారము రాత్రి యెనిమిదింటికి మా యమ్మాయి, మఱునాటికి చార్టుపై పదిరకముల యాకు లంటించి తీసికొనిపోవలయునని బయటపెట్టెను. టార్చి పట్టుకొని తల్లియు బిడ్డయు వీధివెంట చెట్లు వెదకిరి. ఇట్టి పనులు మేము మా బడిలో నెన్నిమారులు పరుల బిడ్డలకు చెప్పలేదు! అవి యెవరి నిద్ర చెఱచి సిద్ధమగుచున్నవో యేనాడైన తలచితిమా?

శుక్రవారము చుట్టములు వచ్చిరి. రెండు వంటలు, రెండుమారులు బోళ్ళు తోముట, మధ్యలో మా తల్లిగారి మోకాళ్ళకు కాపడము. మఱునాడు రెండవ శనివారము. మా గడిలో “సెలవు” అని వ్రాసితిమి. ఆమె గడిలో వ్రాయుటకు చోటు చాలలేదు.

ఆదివారము సాయంకాలము మేము పిల్లలనిద్దరిని స్కూటరుపై నెక్కించుకొని బజారునకు బోయి ఐస్‌క్రీము కొనియిచ్చితిమి. త్రోవలో ముగ్గురు మెచ్చుకొనిరి: “సారు పిల్లలను ఎంత మంచిగ చూసుకుంటడు!” ఆమెను వారమంతట నొక్కరైనను మెచ్చుకొన్నట్లు పట్టీలో లేదు.

వారాంతమున కూడగా ఆమెవి 182 అర్ధగంటలు, అనగా 91 గంటలు. మావి 18, అనగా 9 గంటలు. అందు రెండున్నర గంటలు ఆదివారపు షికారే. జీతము తెచ్చువారము మేము గదా యని బడిపనియు ప్రయాణమును కలిపి చూచితిమి. ఐదు దినములకు 40 గంటలు వచ్చినవి. అన్నియు కలిపినను 49. “ఊరక యింట నున్న” స్త్రీ, ఉద్యోగము చేయు పురుషునికంటె వారమునకు 42 గంటలు ఎక్కువ పనిచేసినది.

పోతనామాత్యుని యూరుగా ప్రసిద్ధమైన బమ్మెర మా జనగామ జిల్లాలోనిదే. మా సోమవారపు టుదయము భాగవత దశమస్కంధమున నెన్నడో చెప్పబడియున్నది. దాసీలు వేఱు పనులలో నుండగా యశోద తానే పెరుగు చిలుకుచుండెను. బాలకృష్ణుడు పాలకై వచ్చెను. అంతలో పొయ్యిమీది పాలు పొంగెను. బిడ్డను దించి యామె పరుగెత్తెను. బిడ్డ యలిగి కుండ పగులగొట్టెను. రోటికి కట్టబోవగా ఎన్ని త్రాళ్ళు ముడివేసినను రెండంగుళములు చాలకపోయెను. ఆ ఘట్టము చదివి మనము కన్నీరు నించుదుము. మన యింటిలో నదియే జరుగుచుండగా “ఆ యేడుపేమి?” అందుము. ఈ కథలో నందుడెప్పుడు వచ్చెనో గమనించితిరా? పాలు పొంగినప్పుడు రాలేదు. కుండ పగిలినప్పుడు రాలేదు. తల్లి చెమటలు గ్రమ్మి యలసినప్పుడును రాలేదు. మద్దిచెట్లు రెండును గూలిన పిమ్మట వచ్చి, రోలీడ్చుచున్న కుమారుని జూచి, నవ్వుచు కట్టు విప్పెనని మూలము. ఆ నవ్వే మా ఆదివారపు ఐస్‌క్రీము.

మన సంస్కర్తలయందు మాకు గల గౌరవ మల్పము కాదు. లోకము గేలిసేయుచుండగా కందుకూరి వీరేశలింగముగారు 1883లో సతీహితబోధిని స్థాపించి స్త్రీలచే చదివించిరి. 1928లో డాక్టరు కేసరిగారు చెన్నపట్టణమున గృహలక్ష్మి పత్రిక వెలయించిరి. ఆనాటి పనిని వారు చేసిరి. కాని ఆ పరంపరలో శిశుపోషణము, గృహనిర్వహణము, మితవ్యయము మున్నగు పాఠములన్నియు గృహలక్ష్మికే. గృహనారాయణునకు పాఠమేది? గృహిణియే గృహమని పెద్దలన్న మాటను మనము సభలలో వల్లింతుము. ఆమెయే గృహమైనచో మనము దానిలో అద్దెకున్నవారమా? అద్దెకున్నవాడైనను నెలనెల కేదియో యిచ్చుకొనును గదా!

ఇందుకు వచ్చు నాక్షేపణలను మే మెఱుగుదుము. మొదటిది మా యింటిలోనే పుట్టినది. మేము చీపురు పట్టిననాడు మా తల్లిగారు “మగవాడు చీపురు పడితే ఇంట్ల లచ్చిమి నిలువదు కొడుకా” అనిరి. లక్ష్మి నిలుచుట మాట యటుండనిండు. ఆ లక్ష్మి కూర్చుండు టెన్నడని మా ప్రశ్న.

బిడ్డల పెంపకము స్త్రీకి ప్రకృతిసిద్ధ మనుట రెండవది. చనుబాలిచ్చుట యొక్కటి తప్ప తక్కిన పనులలో స్త్రీకే యబ్బిన దేది? జడ వేయుటకును, జ్వరమునకు గుడ్డ తడుపుటకును రెండు చేతులు చాలును. బడిలో నలుబదిమంది బాలుర నడపగల మేము ఇంటిలో నిద్దరిని పట్టలేమనుట నమ్మదగిన మాటయేనా?

మూడవది మిక్కిలి తీయనిది: తల్లి ప్రేమచేత చేయు పనికి లెక్క కట్టరాదట! ప్రేమ తల్లికే గలదా, తండ్రికి లేదా? కలదన్నచో ఆ ప్రేమ మంగళవారము రాత్రి యెక్కడ నిద్రించినది? వేళ లేనిదియు, కూలి లేనిదియు, కాదనుట కెడము లేనిదియునగు పనికి మా ప్రాంతమున నొక పేరు కలదు. అది వెట్టి. ఆ వెట్టికి నెదురు నిలిచిన నేల యిది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండునకు నేలకొరగెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంట దొరపాలు కానీయనని నిలిచెను. గడీ వాకిటినుండి వెట్టిని వెడలగొట్టితిమని పొంగు మనము, దానిని మన వంటయింటిలో ప్రేమ యను పేరుపెట్టి నిలుపుకొనవచ్చునా?

చట్టమైనను ఈ పనిని పనిగా గుర్తింపకపోలేదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టమున, పనిచోటికి స్త్రీలతో ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకెక్కువయో వచ్చినప్పుడు, వారిని కనిపెట్టుట కొక స్త్రీని నియమించి కూలి యియ్యవలయునని విధించిరి. చెట్టునీడను పరుల బిడ్డను చూచినచో పని. ఇంటిలో తన బిడ్డను చూచినచో ఊరకుండుట! 2021 జనవరి 5న సర్వోన్నత న్యాయస్థానము రోడ్డు ప్రమాదమున మరణించిన దంపతుల వ్యాజ్యెమున తీర్పిచ్చుచుండగా, మన తెలుగువారే యైన జస్టిస్ ఎన్.వి. రమణగారు పైన చెప్పిన 2019 లెక్కలనే యుదాహరించి, గృహిణి చేయు పనికి నామమాత్రపు టాదాయము కట్టవలయునని వివరించిరి. అది మేలైన తీర్పు. కాని యోచింపుడు: ఆమె పనికి వెల యేర్పడుట కామె మరణింపవలసివచ్చినది. బ్రదికియున్న యామె పని నొప్పుకొనుటకు మనకు న్యాయస్థానమేల?

ఉపాధ్యాయుని యిల్లు నీడపట్టున నుండు నిల్లు. అంతకంటె కష్టమైన యిండ్లను చూచుటకు మా బదిలీలు తోడ్పడినవి. జనగామకు రాకముందు మేము మహబూబాబాదు ప్రాంతమునను, భూపాలపల్లిలోను పనిచేసితిమి. 2016 అక్టోబరు 11న వేఱువేఱు జిల్లాలైన యీ మూడును అంతకుముందు వరంగల్లు జిల్లాలోనివే.

భూపాలపల్లిలో మా పొరుగున సింగరేణి కార్మికు డొక డుండెను. గనిపని యెంత కఠినమో మేము చూచితిమి. దానిని తక్కువ సేయుట మా యుద్దేశము కాదు. రాత్రి షిఫ్టు వారమున అతడు పగలు నిద్రింపవలయును. రెండు గదుల యింటిలో ముగ్గురు పిల్లల నోళ్ళు మూయించుటయే పగలంతయు నతని భార్య పని. అతని షిఫ్టు ముగియగానే వేఱొకడు దిగును. ఆమె షిఫ్టునకు దిగువా రెవరు?

మహబూబాబాదు ప్రాంతపు తండాలలోను పల్లెలలోను మిరపకాయ లేరు కాలము వచ్చినచో తల్లులు తెల్లవారకమునుపే చేలకు బోదురు. సాయంకాలమునకు చేతులు మంటలెత్తును. ఆ చేతితో పసివాని కన్ను తుడువరాదు. 1975 అక్టోబరు 2న మొదలైన శిశు అభివృద్ధి పథకము వలన అంగన్‌వాడీలు వెలసినవి. మూడేండ్లు నిండిన బిడ్డ కక్కడ ఆటపాటల బడి కలదు. అంతకు చిన్నవానికి బాలామృతపు పొట్లము వచ్చును గాని పగలంతయు వాని నెత్తుకొను చేతులు రావు. ఆ చేతు లెవరివో మా హాజరుపట్టీ చెప్పును. ఆ నెలలలో ఆరవ తరగతి, ఏడవ తరగతి బాలికల పేర్లకెదురుగా సున్నలు వరుసకట్టును. కారణమడిగిన “మా తమ్ముని ఎత్తుకునేటందుకు ఎవ్వరు లేరు సారూ” అందురు. తండ్రి లేడా యని మేమెన్నడు నడుగలేదు. ఆ ప్రశ్న మాకును తోచలేదు, ఆ బిడ్డకును తోచలేదు. తండ్రి దించిన బరువు తల్లితో నాగదు. పదకొండేండ్ల బిడ్డ చంకకు దిగును. స్త్రీవిద్యకు నేటి యడ్డము శాస్త్రము కాదు, ఆచారము కాదు. మన కాళ్ళు చాపుకొని కూర్చుండుటయే.

కావున మేము కోరునవి కొన్ని. “సాయము చేయుచున్నాను” అను మాటను తండ్రులు విడువవలయును. తన యింటి పనిలో తాను చేయునది సాయము కాదు. అప్పుడప్పుడు కాక, నియమముగా కొన్ని పనులు పూర్తిగా తనవి చేసికొనవలయును. బడికి బంపు వేళ తనదైనచో రిబ్బను వెదకుటయు తనదే. రాత్రి మేలుకొనుట వంతులవారీగా సాగవలయును. కొడుకునకు అన్నము వండుటయు, చెల్లెలి నెత్తుకొనుటయు నేర్పవలయును. మేము బడిలో బిడ్డకు నలతగానున్న “మీ అమ్మను పిలువుము” అనుట మాని తండ్రికి కబురంపవలయును. 2024లో మన ప్రభుత్వ పాఠశాలలకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ లేర్పడినవి. స్త్రీలకు పెత్తన మిచ్చుట మెచ్చదగినదే. కాని బడి బాగోగులును అమ్మ తలపైకి వచ్చినప్పుడు నాన్న యే కమిటీలో నున్నాడు? ఇక ప్రభుత్వమువారు మూడేండ్లలోపు బిడ్డలకు, కనీసము పంటకోతల కాలమున, పగటి శిశుగృహములు నడుపవలయును. 2017 నాటి సవరణమున ప్రసూతి సెలవు ఇరువదియారు వారములైనది. అది తల్లికి. ప్రైవేటు కొలువులలోని తండ్రికి చట్ట మొక్క దినమైనను చెప్పలేదు. మావంటి ప్రభుత్వోద్యోగులకు పదునైదు దినములు కలవు. మేము వానిని పుచ్చుకొని యేమి చేసితిమందురా? మిత్రుని యింటి గృహప్రవేశమునకు బోయితిమి, పరీక్షాపత్రములు దిద్దితిమి.

తుదకొక మాట. వారము ముగిసిన రాత్రి మేము పట్టీ కూడుచుండగా మా యమ్మాయి వచ్చి తొంగిచూచెను. రెండు పేర్లను చదివి, “నాన్నా, నా గడి యేది?” అని యడిగెను. మేము నవ్వితిమి. అది నవ్వలేదు. తమ్మునికి అన్నము పెట్టినది, వానిని ఆడించినది, నానమ్మకు నీళ్ళిచ్చినది, బట్టలు మడిచినది దినదినము వ్రేళ్ళపై లెక్కపెట్టి చెప్పెను. తల్లి యొక్కొక్కటి అవుననెను. మూడవ గడి గీసి వ్రాసితిమి. తొమ్మిదేండ్ల బిడ్డవి 19 అర్ధగంటలు. మాకంటె నొకటి యెక్కువ.

ఆ పట్టీ యిప్పుడు మా వంటయింటి గోడకు వ్రేలాడుచున్నది. గడచిన వారము మావి 41, మా యమ్మాయివి 6. ఇది చాలదని మేమెఱుగుదుము. ఇక నెవరైనను “మీ గృహిణి యేమి చేయుచున్నది?” అని యడిగినచో, వారిని గోడకడకు గొనిపోయి పట్టీ చూపి, “తమ యింటి పట్టీ యేది?” అని తిరిగి యడుగ నిశ్చయించితిమి.